పెట్రోలులో ఇథనాల్ – చిన్న సేద్యపు యంత్రముల సంరక్షణ

(హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల రైతులకు, గ్రామాధికారులకు సూచనలు)

సేద్యమునకు అదను ప్రధానము. వేరుశనగలో కలుపు తీయుటకు ఒక అదను, ఆకుమచ్చ తెగులుకు మందు చల్లుటకు ఒక అదను, పట్టుపురుగులకు మల్బరి కొమ్మ కోయుటకు ఒక అదను కలవు. ఒకప్పుడు ఈ పనులన్నియు మనుష్యుల చేతులతోనే జరిగెడివి. నేడు కూలీలు దొరకుట కష్టమైనందున తైవాన్ స్ప్రేయర్లు, బ్రష్ కట్టర్లు, పవర్ వీడర్లు, కొమ్మలు కోయు రంపములు పల్లెపల్లెకు వచ్చినవి. వీనిలో పెక్కు పెట్రోలుతో నడచును. పని ఉన్నంతకాలము ఇవి బాగుగానే నడచును. నాలుగైదు నెలలు మూల పెట్టి తిరిగి తీసినప్పుడు మాత్రము తాడు ఎంత లాగినను కదలవు. మెకానిక్కు వద్దకు తీసుకొనిపోవుసరికి అదను కాస్తా దాటిపోవును.

ఈ చిక్కునకు ముఖ్య కారణము ట్యాంకులో మిగిలిపోయిన పెట్రోలు. నేడు బంకులో దొరకు పెట్రోలు పూర్వపు పెట్రోలు వంటిది కాదు. అందు ఇథనాల్ కలసియున్నది. దాని గుణము తెలిసికొని నాలుగు జాగ్రత్తలు పాటించినచో ఎట్టి నష్టమును ఉండదు. ఆ జాగ్రత్తలను వివరించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

ఇథనాల్ అనగానేమి?

ఇథనాల్ అనగా మద్యసారము. చెరకు రసము, బెల్లపు మడ్డి, మొక్కజొన్న, నూకలు మొదలగువానిని పులియబెట్టి, బట్టీపట్టి, అందలి నీటిని దాదాపు పూర్తిగా తొలగించి దీనిని తయారు చేయుదురు. ఇంధనముగా వాడునది త్రాగుటకు పనికిరాదు. త్రాగినచో ప్రాణాపాయము కలుగును.

పెట్రోలులో మద్యసారము కలుపుట మన దేశమునకు క్రొత్త కాదు. ఇందుకై 1948లోనే ఒక చట్టము వచ్చినది. అది 2000లో రద్దయినది. ఇప్పటి పథకము 2003 జనవరిలో 9 రాష్ట్రములలో నూటికి 5 పాళ్లు కలుపుటతో ప్రారంభమైనది. ఆ తొమ్మిదింటిలో మన ఆంధ్ర ప్రదేశ్ ఒకటి. 2022 జూన్ నాటికి దేశమంతటి సగటు నూటికి 10 పాళ్లకు చేరినది. 2023 ఫిబ్రవరిలో నూటికి 20 పాళ్లు కలిపిన పెట్రోలును కొన్ని బంకులలో అమ్ముట మొదలిడిరి. 2025లో దేశమంతట ఆ లక్ష్యము నెరవేరినది. ఈ మిశ్రమమునే ఇ20 అందురు. ఇందు ప్రతి లీటరునకు 800 మిల్లీలీటర్లు పెట్రోలు, 200 మిల్లీలీటర్లు ఇథనాల్ ఉండును.

దీనివలన దేశమునకు మేలు కలదు. విదేశములనుండి కొను ముడిచమురు కొంత తగ్గును. చెరకు, మొక్కజొన్న పండించు రైతునకు మరియొక గిరాకి ఏర్పడును. బ్రెజిల్ దేశము 1931లోనే ఇథనాల్ కలుపుట తప్పనిసరి చేసినది. 2025 ఆగస్టు 1 నుండి అచట నూటికి 30 పాళ్లు కలుపుచున్నారు. కనుక ఇథనాల్‌ను శత్రువుగా భావింపనక్కరలేదు. అయితే ఒక సంగతి మరువరాదు. మన దేశమున 2023 ఏప్రిల్ తరువాత తయారైన మోటారు వాహనములను ఇ20కి తట్టుకొను భాగములతో చేయుచున్నారు. పెనుకొండ దాపున ఎర్రమంచి వద్ద 2019 నుండి కార్లు తయారగుచున్న సంగతి మనకందరకు తెలిసినదే. అట్టి క్రొత్త కార్లలో ఇంధనమును, గాలిని సమముగా సర్దు ఏర్పాటు లోపలనే ఉండును. మన భుజమునకు తగిలించుకొను స్ప్రేయరులో అట్టి ఏర్పాటు లేదు. అమెరికాలో నూటికి 15 పాళ్లు కలిపిన పెట్రోలును 2001 తరువాతి కార్లకు అనుమతించినను, గడ్డి కోయు యంత్రములకు, రంపములకు అనుమతింపలేదు. చిన్న యంత్రములకు 10 పాళ్లే హద్దుగా నిలిచినది. మన వద్దనున్న పాత యంత్రముల పుస్తకములలోను పెక్కింట ఈ హద్దే కనబడును.

ఇథనాల్ గుణములు మూడు

1. నీటిని పట్టుకొనును. పెట్రోలునకు నీటికి పొత్తు లేదు. ఇథనాల్‌కు నీరనిన మిక్కిలి ప్రీతి. నూటికి 10 పాళ్లు ఇథనాల్ ఉన్న లీటరు పెట్రోలు చల్లని వేళ, అనగా 15 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద, సుమారు 5 మిల్లీలీటర్ల నీటిని, అనగా ఒక చిన్న చెంచాడు నీటిని, తనలో ఇముడ్చుకొనగలదు. అంతకు మించినచో ఇథనాల్, నీరు రెండును కలసి పెట్రోలును విడిచి అడుగునకు దిగును. కదపక ఉంచిన మజ్జిగ తేరినట్లు ట్యాంకులో రెండు పొరలు ఏర్పడును. 20 పాళ్ల మిశ్రమము ఇంతకన్న ఎక్కువ నీటిని ఓర్చును. కాని ఒకసారి విడిపోయినచో అడుగున చేరు పొర కూడ అంత పెద్దదిగానే ఉండును. యంత్రమునకు ఇంధనము పోవునది అడుగునుండియే. కనుక ఇంజనునకు మొట్టమొదట అందునది ఈ నీటి సారమే.

2. వేడి తక్కువ ఇచ్చును. ఒక లీటరు ఇథనాల్‌లో నుండు శక్తి లీటరు పెట్రోలులో నున్నదానికన్న సుమారు మూడవ వంతు తక్కువ. ఆ లెక్కన ఇ20లో నూటికి 7 పాళ్ల శక్తి తగ్గును. పూర్వము 10 లీటర్లతో జరిగిన పనికి సుమారు పదిన్నర లీటర్లకు పైగా పట్టవచ్చును. ఇంతకన్న గమనింపదగినది గాలి లెక్క. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 కిలోల గాలి కావలెను. ఒక కిలో ఇథనాల్‌కు 9 కిలోలు చాలును. పాత కార్బొరేటరు కేవలము పెట్రోలునకు సరిపడు గాలినే లోపలికి పంపుచుండును. అందుచే మిశ్రమములో గాలి పాలు ఎక్కువై ఇంజను ఎక్కువగా వేడెక్కును. పొలములో నిలిచి, పూర్తి వేగముతో, మండుటెండలో పనిచేయు చిన్న యంత్రమునకు ఈ వేడి మంచిది కాదు.

3. రబ్బరును, జిగురును కదిలించును. పాత రకము రబ్బరు గొట్టములు, వాషర్లు, కార్బొరేటరులోని పలుచని డయాఫ్రము ఇథనాల్ తగిలి ఉబ్బును. తరువాత ఎండి బిరుసై పగులును. ట్యాంకులో ఏండ్ల తరబడి అంటుకొనియున్న మడ్డిని ఇథనాల్ కడిగి కదిలించును. అది వచ్చి ఫిల్టరులోను, సన్నని జెట్టులోను అడ్డుపడును. నీరు చేరిన ఇథనాల్ అల్యూమినియము, ఇత్తడి భాగములను తినివేసి తెల్లని, ఆకుపచ్చని పొడిని మిగుల్చును.

మన ప్రాంతమున ఎక్కువ జాగ్రత్త ఎందుకు?

మన సేద్యము వానపై ఆధారపడినది. వేరుశనగ రైతు జూన్, జులై మాసములలో విత్తి, అక్టోబరు, నవంబరులలో పంట తీయును. ఆ నాలుగైదు మాసములే స్ప్రేయరునకు, వీడరునకు పని. తక్కిన కాలమంతయు యంత్రము కొట్టములో పడియుండును. ఏప్రిల్, మే నెలలలో ఎండ 40 డిగ్రీలు దాటును. ఆ వేడికి ట్యాంకులోని పెట్రోలులో తేలికైన భాగము ఆవిరైపోవును. త్వరగా అంటుకొనునది ఆ తేలిక భాగమే. అది పోయినచో యంత్రము మొదలు కాదు. కార్బొరేటరులోని కొద్దిపాటి ఇంధనము ఎండి జిగురుగా మారి సూదిమొన వంటి రంధ్రములను మూసివేయును.

మన గాలి పొడిది. కోస్తాలో వలె గాలిలోని తేమయే ట్యాంకులో చేరి చెరుపు చేయుట ఇచట తక్కువ. ఇచట నీరు వేరు దారిన చేరును. మందు చల్లిన పిమ్మట స్ప్రేయరును కడుగునప్పుడు ట్యాంకు మూత వదులుగా ఉండుట, తడి గరాటుతో పోయుట, సెప్టెంబరు, అక్టోబరు వానలలో యంత్రమును గట్టుమీద విడిచిపెట్టుట – ఇవియే ముఖ్య కారణములు. హిందూపురము సముద్రమట్టమునకు సుమారు 600 మీటర్ల ఎత్తున ఉన్నందున చలికాలపు రాత్రులు చల్లగా ఉండును. చల్లబడిన కొలదియు మిశ్రమము నీటిని ఓర్చు శక్తి తగ్గును. పగలు తేటగా కనిపించిన ఇంధనము తెల్లవారుసరికి విడిపోవుట ఇందువలననే.

మల్బరి రైతు సంగతి వేరు. అతని బ్రష్ కట్టరు ఏడాది పొడుగున పనిచేయును గాని, పంటకు పంటకు నడుమ కొన్ని వారములు ఊరక ఉండును. నాల్గవ జ్వరము తీరి ఐదవ దశకు వచ్చిన పురుగు, ఆ వారము దినములలోనే తన జీవితకాలపు మేతలో ఐదింట నాలుగు పాళ్లు తినును. ఆ వారమున కట్టరు ఆగినచో పురుగులు ఆకలితో ఉండును. గూళ్లు పలుచబడును. హిందూపురము, ధర్మవరము గూళ్ల మార్కెట్లలో పలుకు ధర గూటి నాణ్యతను బట్టియే గదా! వంద రూపాయల పెట్రోలును అశ్రద్ధ చేసినందువలన ఒక పంట ఫలమే తగ్గును.

టూ-స్ట్రోక్ యంత్రములు – మిక్కిలి ముఖ్యము

స్ప్రేయర్లు, బ్రష్ కట్టర్లు, రంపములు సాధారణముగా టూ-స్ట్రోక్ రకమువి. వీనిలో కందెన నూనె వేరుగా ఉండదు. పెట్రోలులో కలిపిన నూనెయే పిస్టనునకు కందెన. ఇచట ఒక ప్రమాదము కలదు. నూనె పెట్రోలులో కరగును గాని నీరు చేరిన ఇథనాల్‌లో కరగదు. ఇంధనము విడిపోయినప్పుడు నూనె పై పొరలోనే నిలిచిపోవును. అడుగునుండి ఇంజనునకు పోవు పొరలో నూనె ఉండదు. అట్టి స్థితిలో యంత్రము కొద్దిసేపు నడచినను పిస్టను గీరుకొనిపోయి సిలిండరులో పట్టివేయును. పిస్టను, సిలిండరు మార్చుటకు అగు ఖర్చు ఒక్కొక్కప్పుడు పాత యంత్రపు విలువను మించిపోవును.

కనుక నూనె కలుపుటలో ఈ నియమములు పాటింపవలెను. యంత్రముతో వచ్చిన పుస్తకములో చెప్పిన పాలు ప్రకారమే కలుపవలెను. 50 పాళ్లకు ఒక పాలు అనిన, లీటరునకు 20 మిల్లీలీటర్లు. 25 పాళ్లకు ఒక పాలు అనిన, లీటరునకు 40 మిల్లీలీటర్లు. కంటితో చూచి పోయరాదు. కొలపాత్ర వాడవలెను. వాడిన ఇంజను నూనె కలుపరాదు. ఆనాటి పనికి సరిపడునంతే కలిపి, పోయుటకు ముందు డబ్బాను బాగుగా కదిలింపవలెను.

ప్లగ్గు రంగును అప్పుడప్పుడు చూచుచుండవలెను. యంత్రము చల్లారిన పిమ్మట ప్లగ్గు విప్పినచో దాని కొన పొడి టీ రంగున ఉండవలెను. సున్నము వలె తెల్లగా ఉన్నచో గాలి పాలు ఎక్కువై ఇంజను వేడెక్కుచున్నదని గుర్తు. మెకానిక్కుచే కార్బొరేటరు సరిచేయించుకొనవలెను. నల్లగా జిడ్డుగా ఉన్నచో నూనె ఎక్కువైనట్లు, లేదా గాలి ఫిల్టరు మూసుకొనిపోయినట్లు గ్రహింపవలెను.

కొనుట, నిల్వ చేయుట

పెట్రోలు పాలవంటిది, నెయ్యివంటిది కాదు. నిల్వ ఉంచినకొలది చెడును. మూడు నాలుగు వారములలో అయిపోవునంతే కొనవలెను. డబ్బాపై కొన్న తేదీని సుద్దముక్కతోనైనను వ్రాయవలెను.

పల్లెలలో నీళ్ల సీసాలలోను, మందు డబ్బాలలోను పెట్రోలు పట్టి తెచ్చు అలవాటు కలదు. ఇది ప్రమాదకరము. 1934 పెట్రోలియం చట్టములోని 8వ సెక్షను ప్రకారము, అమ్మకమునకు కాక స్వంత వాడకమునకై 30 లీటర్ల వరకు పెట్రోలును లైసెన్సు లేకయే ఉంచుకొనవచ్చును. కాని అది గట్టి మూత గల గాజు, పింగాణి లేక లోహపు పాత్రలలో ఉండవలెను. గాజు, పింగాణి పాత్ర ఒక లీటరుకు, లోహపు పాత్ర 25 లీటర్లకు మించరాదు. ఈ నిబంధన గ్రామాధికారులు రైతులకు తెలియజెప్పదగినది. శుభ్రమైన, పొడి లోహపు డబ్బా యంత్రమునకును మేలు, ఇంటికిని క్షేమము. పురుగుమందు పట్టిన డబ్బాను ఎన్నడును వాడరాదు.

డబ్బాను నీడలో, గాలి తగులు చోట, పొయ్యికి, దీపమునకు దూరముగా, పిల్లలకు అందకుండ ఉంచవలెను. పట్టుపురుగుల షెడ్డులోను, ఆకు నిల్వచేయు గదిలోను పెట్రోలు ఉంచరాదు. పురుగులు వాసనలకు, పొగకు ఓర్వలేవు. మల్బరి తోటలో కట్టరునకు పెట్రోలు పోయునప్పుడు కోసిన ఆకుపై చినుకు పడకుండ గట్టుమీద పోయుట మేలు. నడచి నడచి వేడెక్కిన ఇంజనులో వెంటనే పెట్రోలు పోయరాదు. పది నిమిషములు చల్లారనీయవలెను. పోయుచోట బీడీ, చుట్ట కాల్చరాదు.

ఇంటివద్దనే చేయదగిన రెండు పరీక్షలు

మొదటి పరీక్ష, ఇంధనము విడిపోయినదా లేదా అని తెలిసికొనుట. ట్యాంకు అడుగునుండి కొద్దిగా ఇంధనమును తెల్లని గాజు సీసాలో పట్టి, పది నిమిషములు కదలక ఉంచి వెలుతురునకు ఎదురుగా చూడవలెను. ఒకే తీరున తేటగా ఉన్నచో మంచిది. మబ్బుగా ఉన్నను, నడుమ గీత గీచినట్లు రెండు పొరలు కనిపించినను యంత్రమున వాడరాదు.

రెండవ పరీక్ష, ఇథనాల్ ఎంత ఉన్నదో ఉజ్జాయింపుగా తెలిసికొనుట. 100 మిల్లీలీటర్ల గీతల గాజు కొలపాత్రలో 10 మిల్లీలీటర్ల నీరు పోసి, దానిపై 90 మిల్లీలీటర్ల పెట్రోలు పోయవలెను. మూత బిగించి మెల్లగా కదిలించి, ఆవిరి పోవుటకు ఒకసారి మూత తీసి, తిరిగి బిగించి పది నిమిషములు ఉంచవలెను. ఇథనాల్ నీటితో కలసి అడుగునకు దిగును. అడుగు పొర 10 వద్దనే ఉన్నచో ఇథనాల్ లేదు. 19 వద్దకు వచ్చినచో నూటికి 10 పాళ్లు. 28 దాపునకు వచ్చినచో నూటికి 20 పాళ్లు. ఒకటి రెండు మిల్లీలీటర్లు అటునిటు ఉండుట సహజము. ఈ పరీక్షను ఆరుబయట, నిప్పునకు దూరముగా, పెద్దవారే చేయవలెను. పరీక్షించిన పెట్రోలును తిరిగి ట్యాంకులో పోయరాదు.

పని ముగిసిన పిమ్మట యంత్రమును దాచు విధానము

నెల దినములకు మించి యంత్రమునకు పని లేదని తెలిసిన వెంటనే ఈ క్రింది విధముగా చేయవలెను. దీనికి అరగంట చాలును.

1. ట్యాంకులోని ఇంధనమును పూర్తిగా డబ్బాలోనికి వంపవలెను.

2. ఆరుబయట యంత్రమును నడిపి, దానియంతట అది ఆగిపోవువరకు ఉంచవలెను. ఇందువలన కార్బొరేటరులోని ఇంధనము కూడ ఖర్చగును. ఆగిన పిమ్మట మరి రెండు మూడు సార్లు మొదలిడి చూడవలెను.

3. ఫోర్-స్ట్రోక్ యంత్రమైనచో ట్యాంకు క్రింది కాకును మూసి, కార్బొరేటరు గిన్నె అడుగున నుండు చిన్న స్క్రూను వదులు చేసి మిగిలిన చుక్కలను కార్చవలెను.

4. యంత్రము చల్లారిన పిమ్మట ప్లగ్గు విప్పి, ఆ రంధ్రములో ఒక చిన్న చెంచాడు మంచి ఇంజను నూనె పోసి, తాడును మెల్లగా రెండు మూడు సార్లు లాగి, ప్లగ్గు తిరిగి బిగింపవలెను. సిలిండరు లోపల త్రుప్పు పట్టదు.

5. గాలి ఫిల్టరును శుభ్రపరచి, మూతలన్నియు బిగించి, యంత్రమును గోనెపట్టాతో కప్పి, నేలకు ఎత్తుగా పొడి చోట ఉంచవలెను.

6. దాచిన తేదీని ఒక చీటీపై వ్రాసి యంత్రమునకు కట్టవలెను.

తిరిగి వాడునప్పుడు తాజా పెట్రోలు మాత్రమే పోయవలెను. పోయుటకు ముందు ఇంధనపు గొట్టమును వ్రేళ్లతో వంచి చూడవలెను. పగుళ్లు కనిపించినను, జిగటగా మెత్తబడినను మార్పించవలెను. క్రొత్త గొట్టము, డయాఫ్రము కొనునప్పుడు అది ఇథనాల్‌కు తట్టుకొను రకమేనా అని అడిగి కొనుట మంచిది. మొదటి పది నిమిషములు సగము వేగముతోనే నడుపవలెను. వదలిన మడ్డి ఫిల్టరులో చేరును గనుక, క్రొత్తగా ఇ20 వాడుచున్న పాత యంత్రమునకు మొదటి రెండు మూడు ట్యాంకుల పిమ్మట ఫిల్టరు చూచుకొనవలెను. ఎండ ముదిరిన వేళ పూర్తి వేగముతో గంటల తరబడి నడుపక, ప్రతి అరగంటకు కొంత విరామము ఇచ్చినచో యంత్రమునకును, మనిషికిని మేలు.

గ్రామాధికారులకు

పంచాయతీల వద్ద దోమల పొగ యంత్రములు, గడ్డి కోయు యంత్రములు, కొన్నిచోట్ల చిన్న జనరేటర్లు ఉండును. వీనికి ఏడాదిలో కొలది దినములే పని. జ్వరములు ప్రబలినప్పుడు పొగ యంత్రము నడవకున్నచో ప్రజలకు కష్టము. రైతు సంఘముల అద్దె యంత్రముల సంగతియు ఇట్టిదే. పదిమంది చేతులు మారు యంత్రము ఎవరి బాధ్యతయు కాకుండ పోవును. కనుక ప్రతి యంత్రమునకు ఒక పుస్తకము ఉంచి, పెట్రోలు పోసిన తేదీ, నూనె పాలు, ట్యాంకు ఖాళీ చేసిన తేదీ వ్రాయించవలెను. యంత్రమును అప్పగించు రైతు ట్యాంకు ఖాళీ చేసియే అప్పగించునట్లు నియమము పెట్టుట మంచిది.

క్రొత్త యంత్రములు కొనునప్పుడు, ముఖ్యముగా రాయితీపై పెక్కు యంత్రములు పంచునప్పుడు, ఇథనాల్ ఎన్ని పాళ్ల వరకు వాడవచ్చునో తయారీదారులచే వ్రాతమూలముగా తీసికొనవలెను. ఇ20కి తగినదని వ్రాతలో ఉన్నచో, గ్యారంటీ కాలములో చిక్కు వచ్చినప్పుడు రైతు చేతిలో ఆధారము ఉండును. నోటిమాటకు విలువ లేదు.

రైతుల ప్రశ్నలు – సమాధానములు

ప్రశ్న: పెట్రోలులో నీళ్లు కలిపి ఇథనాల్‌ను దించివేసి, పైన తేలిన పెట్రోలు వాడవచ్చునా?
సమాధానము: వాడరాదు. ఇథనాల్ తీసివేసినచో పెట్రోలు యొక్క ఆక్టేన్ విలువ పడిపోయి ఇంజను కొట్టుకొనును. కొంత నీరు కూడ అందు మిగులును. అంతేగాక అంత పెట్రోలును బయట కలుపుట, వంపుట అగ్నిప్రమాదమునకు దారి.

ప్రశ్న: విడిపోయిన ఇంధనమును బాగుగా కదిలించి వాడవచ్చునా? ఏదేని మందు కలిపినచో బాగుపడునా?
సమాధానము: కదిలించినచో కొద్దిసేపు కలసినట్లు కనబడి తిరిగి విడిపోవును. నిల్వకు పనికివచ్చు మందులు బజారులో ఉన్నను, అవి తాజా పెట్రోలులో ముందుగా కలుపవలసినవే గాని, విడిపోయినదానిని తిరిగి కలుపజాలవు.

ప్రశ్న: నెల దాటిన పెట్రోలును ఏమి చేయవలెను?
సమాధానము: తేటగా ఉండి, నూనె కలుపనిదైనచో మోటారు సైకిలు ట్యాంకులో ఎక్కువ పాలు తాజా పెట్రోలు ఉన్నప్పుడు కొద్దికొద్దిగా పోసి త్వరగా ఖర్చు చేయవచ్చును. నూనె కలిపినది, విడిపోయినది మెకానిక్కు షాపులో అప్పగింపవలెను. బావి గట్టునను, కాలువలోను పోయరాదు. పొయ్యి వెలిగించుటకు అసలే వాడరాదు.

ప్రశ్న: డీజిలు పవర్ టిల్లరునకు, ట్రాక్టరునకు ఈ బాధ కలదా?
సమాధానము: లేదు. ఈ సూచనలన్నియు పెట్రోలు ఇంజన్లకే. డీజిలు యంత్రములో ఇథనాల్ కలిసిన పెట్రోలు ఎన్నడును పోయరాదు.

ప్రశ్న: నా యంత్రము పాతది. దీనిని అమ్మివేయవలెనా?
సమాధానము: అమ్మనక్కరలేదు. గొట్టములు, డయాఫ్రము మార్పించి, కార్బొరేటరు సరిచేయించి, తాజా ఇంధనము వాడుచు, పని లేనప్పుడు ట్యాంకు ఖాళీగా ఉంచినచో అది ఇంకను కొన్నేండ్లు పనిచేయగలదు. క్రొత్తది కొనదలచినవారు మాత్రము చిన్న కమతములకు బ్యాటరీతో నడచు స్ప్రేయర్లను కూడ పరిశీలింపవచ్చును. వానికి పెట్రోలు బాధయే లేదు.

ముఖ్యాంశములు

మూడు నాలుగు వారములకు సరిపడు పెట్రోలే కొనుడు. పొడి లోహపు డబ్బాలో, గట్టి మూతతో ఉంచుడు. నీటి చుక్క చేరనీయకుడు. టూ-స్ట్రోక్ యంత్రమునకు ఆనాటి నూనె ఆనాడే కొలిచి కలుపుడు. నెలకు మించి పని లేనప్పుడు ట్యాంకును, కార్బొరేటరును ఖాళీ చేయుడు.

విత్తనమును ఎంత జాగ్రత్తగా ఎండబెట్టి దాచుదుమో, యంత్రమును గూడ అంత జాగ్రత్తగా దాచవలెను. పైరుకు మందు కావలసిననాడు, పురుగునకు ఆకు కావలసిననాడు ఒక్క లాగుతో మొదలగు యంత్రమే రైతుకు అసలైన లాభము. ఈ విషయమై సందేహములున్నవారు తమ గ్రామములోని వ్యవసాయ సహాయకునిగాని, పట్టుపరిశ్రమ శాఖ సిబ్బందినిగాని సంప్రదించి, పని కాలము రాకముందే యంత్రములను సరిచూచుకొందురు గాక.